సమ్మె ఆగాకే అమ్మారు

2003లో చదువు కోసం మాంట్రియల్ వచ్చిన కొత్తలో, సాయంత్రాలు మా వీధి మూల కొట్లో పనిచేసేవాణ్ణి. పాలు, బీరు, పేపర్లు, లాటరీ టికెట్లు అమ్మే చిన్న కొట్టు. ఈ ఊళ్ళో దాన్ని దెపానర్ అంటారు. రోజూ ఏడు కొట్టేసరికి ఒక పెద్దాయన వచ్చి పాలు, ఒక లాటరీ టికెట్టు తీసుకునేవారు. సిటీ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. ఎండాకాలమైనా మంచు పడుతున్నా తలమీద ఎరుపు, తెలుపు, నీలం రంగుల టోపీ ఉండాల్సిందే. నాకు ఫ్రెంచి రాదు, ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా రోజూ పది నిమిషాలు కబుర్లు నడిచేవి.

ఒకరోజు ఆయన పర్సులోంచి ఒక కార్డు తీసి కౌంటరు మీద పెట్టారు. ఈ ఊరి బేస్‌బాల్ జట్టు 1994 సీజన్ మ్యాచ్‌ల పట్టిక. మడతలు పెట్టి పెట్టి అంచులు చిరిగితే సెల్లోటేపు అంటించారు. ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో గడి. గెలిచిన రోజు నీలం పెన్నుతో టిక్కు, ఓడిన రోజు ఎర్ర పెన్నుతో గీత. జులై రెండో సగానికి వచ్చేసరికి దాదాపు అంతా నీలమే. ఆగస్టు 11 గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ తర్వాత గడులన్నీ తెల్లగా ఉన్నాయి. లెక్కపెట్టాను, 48.

"ఆటగాళ్ళ సమ్మె. కోటీశ్వరుల సమ్మె. మా జట్టుని చంపేసింది" అన్నారాయన.

ఆ మాటకి నేను ఆ రోజే అడ్డం చెప్పాను. చంపింది సమ్మె కాదు, యజమానులు అని. ఈ వ్యాసంలోనూ అదే చెప్పబోతున్నాను.

బేస్‌బాల్‌తో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు మార్చి ఆఖర్నో ఏప్రిల్‌లోనో మొదలుపెట్టి సెప్టెంబరు చివరిదాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు రోజూ ఆటే. అక్టోబరులో నాకౌట్లు, ఆఖర్న వరల్డ్ సిరీస్. మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టు 1969లో పుట్టింది. అమెరికా బయట మొదలైన తొలి మేజర్ లీగ్ జట్టు అదే. 1967లో ఈ ఊళ్ళో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పో పేరే దానికి పెట్టుకున్నారు.

1994 ఆగస్టు 11 రాత్రికి ఆ జట్టు 74 గెలిచి 40 ఓడింది. మొత్తం 28 జట్లలో అంతకన్నా మంచి రికార్డు ఇంకెవరికీ లేదు. అప్పట్లో కొండలా కనిపించే అట్లాంటా బ్రేవ్స్ అదే డివిజన్‌లో, అంటే లీగ్‌లో అదే గుంపులో, ఆరు మ్యాచ్‌లు వెనకబడి ఉంది. ఇంతా చేసి ఎక్స్‌పోస్ ఆటగాళ్ళ జీతాల బిల్లు సుమారు 1.9 కోట్ల డాలర్లు. లీగ్‌లో కింది నుంచి రెండోది.

మేనేజరు, అంటే మన కోచ్‌లాంటివాడు, ఫెలిపే అలూ. మేజర్ లీగ్‌లో మేనేజరైన మొదటి డొమినికన్. ఆయన కొడుకు మోయిసెస్ అలూ అదే జట్టులో .339 బ్యాటింగ్ సగటుతో, అంటే చాలా గొప్పగా, కొడుతున్నాడు. కుడివైపు ఔట్‌ఫీల్డ్‌లో లారీ వాకర్, కెనడా కుర్రాడే. మధ్యలో మార్క్విస్ గ్రిసమ్. బౌలింగ్, అంటే ఇక్కడి మాటలో పిచింగ్, చూస్తే 16 గెలుపులతో కెన్ హిల్, ఆఖరి ఇన్నింగ్స్‌లో తలుపు మూసేసే జాన్ వెటలాండ్, వాళ్ళ పక్కన 22 ఏళ్ళ పెడ్రో మార్టినెజ్. సన్నగా ఉంటాడు, ఎక్కువ ఇన్నింగ్స్ తట్టుకోలేడని అనుమానించిన డాడ్జర్స్ జట్టు అతన్ని ముందు ఏడాదే వదులుకుంది.

జూన్ 27న బ్రేవ్స్ ఇక్కడికి వచ్చారు. ఒలింపిక్ స్టేడియంలో 45 వేల మందికి పైగా జనం. అవతల పిచ్చర్ గ్రెగ్ మాడక్స్, ఏటా ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అప్పటికే వరుసగా రెండేళ్ళు అందుకున్నవాడు. ఎక్స్‌పోస్ తరఫున 21 ఏళ్ళ క్లిఫ్ ఫ్లాయిడ్ అతని బంతిని స్టాండ్స్‌లోకి లేపాడు, మూడు పరుగుల హోమ్ రన్. ఆ రాత్రి ఎక్కడున్నారో మాంట్రియల్‌లో ఒక వయసు వాళ్ళని అడిగితే, మన దగ్గర 1983 ప్రపంచ కప్పు ఎక్కడ చూశారో చెప్పినట్టు చెప్తారు. పెద్దాయన ఆ కార్డు మీద జూన్ 27 గడిలో టిక్కు రెండుసార్లు దిద్దారు.

ఆగస్టు 12న ఆటగాళ్ళు సమ్మెలోకి వెళ్ళారు. సెప్టెంబరు 14న లీగ్‌కి తాత్కాలిక పెద్ద, అంటే కమిషనర్, బడ్ సీలిగ్ మైకు ముందుకొచ్చి మిగతా సీజనూ, వరల్డ్ సిరీసూ రద్దని ప్రకటించాడు. 1904 తర్వాత వరల్డ్ సిరీస్ జరగకపోవడం అదే మొదలు. రెండు ప్రపంచ యుద్ధాల్లో కూడా ఆగనిది ఆగింది. ఇక్కడొకటి గమనించాలి. సీలిగ్ ఊరికే కమిషనర్ కాడు, మిల్వాకీ జట్టు యజమాని. అసలు కమిషనర్‌గా ఉన్న ఫే విన్సెంట్‌ని యజమానులే 1992లో సాగనంపి, తమలో ఒకణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. రద్దు తీర్మానం మీద 28 జట్లలో 26 సంతకం చేశాయి. సమ్మెకి పిలుపిచ్చింది ఆటగాళ్ళు. సీజన్‌ని రద్దు చేసింది యజమానులు. ఈ రెండూ ఒకటే అన్నట్టు 30 ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు.

నాకు ఈ తేడా మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి.

మా నాన్న ఉత్తరాంధ్రలో ఒక జూట్ మిల్లులో స్పిన్నింగ్ డిపార్ట్‌మెంటులో పనిచేసేవాడు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు బోనసు కోసం 19 రోజులు సమ్మె జరిగింది. లేబరాఫీసులో మాట్లాడుకున్నాక విరమించారు. మర్నాడు ఎ షిఫ్టుకి నాన్న క్యారేజీ కట్టించుకుని వెళ్ళి గంటలో తిరిగొచ్చాడు. గేటుకి నోటీసు అంటించారట, ఇంగ్లీషులో ఉందట. "నువ్వొచ్చి చదువు" అని సైకిలు మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. కాగితం కింద మైదా పిండి జిగురు ఇంకా ఆరలేదు, అంచుల్లోంచి కారుతోంది. చుట్టూ 50 మంది ఉంటారు. బిగ్గరగా చదివాను. అందులో స్ట్రైక్ అన్న మాట లేదు, లాకౌట్ అనుంది. "అంటే?" అన్నాడు నాన్న. "వాళ్ళు మూసేశారని" అన్నాను.

ఆ మిల్లు మళ్ళీ తెరుచుకోలేదు. మిషన్లు లారీలకెక్కి వెళ్ళిపోయాయి. నాన్నకి రావలసిన గ్రాట్యుటీ ఇప్పటికీ రాలేదు. అయినా మా ఊళ్ళో టీకొట్టు దగ్గర ఎవర్నడిగినా ఇదే చెప్తారు: "సమ్మె చేసి మిల్లు మూయించుకున్నారండీ." అక్కడ చదువుకున్నవాళ్ళూ అదే అన్నారు. నోటీసు మీది మాట నేను చదివాను కాబట్టి నాకు మాత్రం ఆ మాట మింగుడు పడదు.

అందుకే పెద్దాయన "సమ్మె చంపేసింది" అనగానే నాకు ఉండబట్టలేదు.

ఆయన వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 1994లో ఆటగాడి సగటు జీతం 12 లక్షల డాలర్ల దాకా ఉంది. అతి తక్కువ జీతమే 1,09,000. "నేనూ బస్సులాపాను, పికెట్ లైన్లో నిలబడ్డాను, ఆ నెల మా ఆవిడ చీటీలు రాసుకుని సరుకులు కొంది. వీళ్ళది సమ్మెంటారా?" అని అడిగేవారు. స్టేడియంలో వేరుశనక్కాయలు అమ్మేవాళ్ళు, టికెట్లు చింపేవాళ్ళు, ఊడ్చేవాళ్ళ పని కూడా ఆగస్టు 12న పోయింది. వాళ్ళకి ఏ ఒప్పందంలోనూ చోటు లేదు. ఈ మాటకి నా దగ్గర అప్పుడూ జవాబు లేదు, ఇప్పుడూ లేదు.

అయితే జీతం పెద్దదా చిన్నదా అన్నది ఒక ప్రశ్న, ఎవరు ఎవర్ని గోడకి నొక్కారన్నది వేరే ప్రశ్న. యజమానులు అడిగింది సాలరీ క్యాప్. అంటే లీగ్ ఆదాయంలో ఆటగాళ్ళ వాటాకి పైన ఒక గీత, దానితోపాటు జీతాల మీద మధ్యవర్తి తీర్పు పద్ధతి రద్దు. పాత ఒప్పందం అప్పటికే ముగిసిపోయింది. సీజన్ పూర్తిగా ఆడేసి ఉంటే ఏమయ్యేది? జీతాలు సీజన్‌లో వస్తాయి. యజమానులకి టీవీ డబ్బు భారీగా వచ్చేది అక్టోబరులో. అదంతా జేబులో పడ్డాక, చలికాలంలో చర్చలు విఫలమయ్యాయని చెప్పి క్యాప్‌ని ఏకపక్షంగా అమలు చేస్తే ఆటగాళ్ళ చేతిలో ఏముంటుంది? యూనియన్ నాయకుడు డోనాల్డ్ ఫెర్ భయం అదే. ఆ భయం వట్టిది కాదని డిసెంబరులో తేలింది. యజమానులు సరిగ్గా ఆ పనే చేశారు. ఇంకోటి, సమ్మెకి ముందే ఆగస్టు 1న ఆటగాళ్ళ పెన్షన్ నిధికి కట్టాల్సిన 78 లక్షల డాలర్లు కట్టకుండా ఆపేశారు.

ఆటగాళ్ళు యజమానుల మాట నమ్మకపోవడానికి పాత గాయాలున్నాయి. 1975 దాకా ఆటగాడు ఒక జట్టుతో సంతకం పెడితే జీవితాంతం ఆ జట్టు సొత్తే. జట్టు అమ్మితే పోవాలి, ఉంచితే ఉండాలి. కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు 1969లో తనని ఫిలడెల్ఫియాకి మార్చేస్తే పోనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో ఓడింది. అతని కెరీరూ ఆ పోరాటంలోనే పోయింది. స్వేచ్ఛగా జట్టు మారే హక్కు వచ్చాక కూడా, 1980లలో యజమానులంతా కూడబలుక్కుని ఎవరూ ఎవరి ఆటగాణ్ణీ కొనకుండా ఆపారు. అది రుజువై 1990లో 28 కోట్ల డాలర్లు కట్టారు. ఇంత జరిగిన నాలుగేళ్ళకే వచ్చి "మా లెక్కలు చూస్తే మీకే తెలుస్తుంది, నష్టాల్లో ఉన్నాం" అంటే ఎవరు నమ్ముతారు?

నన్ను ఎక్కువగా కలచివేసేది మాత్రం వేరే సంగతి. క్యాప్ ఎందుకు కావాలని యజమానుల్ని అడిగితే చెప్పిన కారణం, మాంట్రియల్‌లాంటి చిన్న జట్లు బతకాలని. అదే సమయంలో ఆ చిన్న జట్టు, కింది నుంచి రెండో జీతాల బిల్లుతో, లీగ్‌లో అందరికంటే పైన కూర్చుంది! ఎవరి పేరు చెప్పి పోరాటం మొదలుపెట్టారో వాళ్ళ అన్నం పళ్ళెమే లాగేసుకున్నారు. ఆటలో ఆ జట్టుకి డబ్బు అడ్డం కాలేదు. ఆటగాళ్ళు ఎదిగాక వాళ్ళని నిలుపుకోవడం దగ్గర కష్టం, అది నిజమే. టికెట్ల డబ్బు కెనడా డాలర్లలో వస్తుంది, జీతాలు అమెరికా డాలర్లలో ఇవ్వాలి. అప్పట్లో కెనడా డాలరు 70 సెంట్లకి కాస్త అటూ ఇటూ. అలాంటి జట్టుకి న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ జట్లు తమ టీవీ ఆదాయంలోంచి కొంత పంచితే సరిపోయేది. పంచుతామని 1994 జనవరిలో ఒప్పుకున్నారు కూడా, ఆటగాళ్ళు క్యాప్‌కి ఒప్పుకుంటేనే అని మెలిక పెట్టి. అన్నదమ్ముల ఆస్తి పంపకానికి పాలేరు కూలి తగ్గించమన్నట్టు. తర్వాత రెండు మూడేళ్ళకే క్యాప్ లేకుండా ఆదాయం పంచుకునే ఒప్పందం కుదిరింది. ఈ రోజుకీ మేజర్ లీగ్‌లో సాలరీ క్యాప్ లేదు. అంటే 1994 శరదృతువు దేనికోసం తగలబడిందో అది ఆఖరికి అవసరమే పడలేదు.

ఇప్పుడు తేదీలు చూడండి.

1995 మార్చి 31న ఫెడరల్ జడ్జి సోనియా సోటోమేయర్, ఇప్పుడు అమెరికా సుప్రీంకోర్టులో ఉన్నావిడే, యజమానులు కార్మిక చట్టాన్ని ఉల్లంఘించారంటూ పాత నిబంధనలే కొనసాగాలని ఆదేశించింది. ఏప్రిల్ 2న సమ్మె ముగిసింది. మొత్తం 232 రోజులు. ఆటగాళ్ళు సంచులు సర్దుకుని ప్రాక్టీసుకి వస్తున్నారు.

ఏప్రిల్ 5న ఎక్స్‌పోస్ యాజమాన్యం కెన్ హిల్‌ని సెయింట్ లూయిస్‌కి ఇచ్చేసింది. అదే రోజు వెటలాండ్‌ని న్యూయార్క్ యాంకీస్‌కి ఇచ్చి, బదులుగా ఇంకా కింది లీగుల్లో ఆడుతున్న ఒక్క కుర్రాణ్ణీ, కొంత నగదునీ తెచ్చుకుంది. 6న గ్రిసమ్ అట్లాంటాకి వెళ్ళాడు, ఎవరి మీద ఆరు మ్యాచ్‌లు ఆధిక్యంలో ఉన్నారో ఆ అట్లాంటాకే. అదే వారంలో వాకర్ కొలరాడోలో సంతకం పెట్టాడు. అతన్ని నిలుపుకోవడానికి ఇక్కడ ఎవరూ గట్టిగా ప్రయత్నించలేదు. సమ్మె ముగిసి వారం తిరగకుండా జట్టు నడుము విరిచేశారు. నష్టాలు భరించలేమని యాజమాన్యం చెప్పింది. నష్టాలుండొచ్చు. ఊరికి ఒక ఏడాది, ఒక్క ఏడాది, ఆ జట్టుని అలాగే ఉంచి ఆడించి ఉంటే జనం తిరిగొచ్చేవారా లేదా అన్నది పరీక్షించనే లేదు.

1995లో అట్లాంటా వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆఖరి క్యాచ్ పట్టింది గ్రిసమ్. 1996లో యాంకీస్ గెలిచింది, సిరీస్ ఉత్తమ ఆటగాడు వెటలాండ్. 1997లో మేజర్ లీగ్‌లోని రెండు శాఖల్లో ఒకటైన నేషనల్ లీగ్‌కి ఎం.వి.పి., అంటే ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు, వాకర్. అదే ఏడాది పెడ్రో ఎక్స్‌పోస్ చొక్కాలోనే సై యంగ్ గెలిచాడు, వెంటనే అతన్నీ బోస్టన్‌కి పంపేశారు. ఈ వరస చదువుతుంటే నాకు మిల్లులోంచి మిషన్లు ఒక్కొక్కటే లారీ ఎక్కుతున్నట్టే ఉంటుంది.

సమ్మే జట్టుని చంపేదైతే 1981 సంగతేమిటి? ఆ ఏడాది కూడా ఆటగాళ్ళు జూన్ 12న సమ్మె చేశారు. 713 మ్యాచ్‌లు పోయాయి. తిరిగొచ్చాక సీజన్‌ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో నెగ్గినవాళ్ళని నాకౌట్‌కి పంపారు. రెండో ముక్కలో నెగ్గి ఎక్స్‌పోస్ ముందుకెళ్ళింది. 36 ఏళ్ళ చరిత్రలో వాళ్ళు నాకౌట్లు ఆడింది ఆ ఒక్కసారే. మొత్తం ఏడాది లెక్క తీసుకుంటే అదే డివిజన్‌లో సెయింట్ లూయిస్ రికార్డు మెరుగు, పాపం వాళ్ళు ఇంటికెళ్ళారు. అప్పుడు ఈ ఊళ్ళో సమ్మెని ఎవరూ తిట్టలేదు. ఆ తర్వాతి రెండేళ్ళూ స్టేడియానికి ఏడాదికి 23 లక్షల మందికి పైగా వచ్చారు. "మాంట్రియల్‌కి బేస్‌బాల్ పట్టదు, అది హాకీ ఊరు" అనేవాళ్ళు ఈ అంకె ఒకసారి చూడాలి. అదే ఊళ్ళో 2001 నాటికి ఆరున్నర లక్షలు కూడా రాలేదు. ప్రతి ఏడాదీ బాగా ఆడేవాణ్ణి అమ్మేస్తుంటే ఏ తండ్రి పిల్లాడికి ఎవరి పేరున్న చొక్కా కొనిపెడతాడు?

తర్వాతది తొందరగా చెప్పేస్తాను, చెప్పడానికి మనసొప్పదు. యజమాని మారాడు. 2001లో లీగే ఈ జట్టుని మూసేద్దామని ఓటు వేసింది. కుదరక 2002లో 12 కోట్ల డాలర్లకి లీగే కొనేసుకుంది. 2003, 2004లలో 22 చొప్పున సొంతూరి మ్యాచ్‌ల్ని కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో ఆడించారు.

2004 సెప్టెంబరు 29న పెద్దాయన నన్ను ఆఖరి హోమ్ మ్యాచ్‌కి తీసుకెళ్ళారు. జట్టు వాషింగ్టన్‌కి తరలిపోతోందని ఆ రోజే ప్రకటించారు. 31,395 మంది వచ్చారు. అంత జనాన్ని ఆ స్టేడియంలో నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. 1994 జట్టు గౌరవార్థం ఒక బ్యానరు ఆవిష్కరించారు, ఆ ఏటి అత్యుత్తమ జట్టు అని. ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మూడో ఇన్నింగ్స్‌లో ఎవరో గోల్ఫ్ బంతి మైదానంలోకి విసిరితే ఆటగాళ్ళని కాసేపు లోపలికి పంపేశారు. "వద్దు, ఆడనివ్వండి, ఆడనివ్వండి" అని ఆయన గొణుగుతూనే ఉన్నారు. ఇంకోసారి ఆట మధ్యలో ఆగిపోతుందేమోనని ఆయన టెన్షన్. ఆట సాగింది, 9-1తో ఓడిపోయాం. జనం లేవలేదు. పక్క వరసలో ఒకావిడ ఏడుస్తోంది, ఆమె చెయ్యి పట్టుకున్న పిల్లాడికి ఎందుకో తెలియదు.

మెట్రోలో తిరిగొస్తూ ఆయన కార్డు తీశారు. "నువ్వన్నట్టు సమ్మె పట్టుకెళ్ళింది ఈ 48 గడులే అనుకో. కానీ ఇవి చాలా పెద్ద గడులు" అన్నారు. అది కాదనలేను. నా వాదనంతా పోయినదాన్ని చిన్నది చెయ్యడానికి కాదు. పోయినదాని బిల్లు ఎవరి పేర రాయాలో వాళ్ళ పేర రాయమనడానికే. ఆటగాళ్ళ పేర ఒక శరదృతువు రాయండి, అందులోనూ సగం. మిగతా పదేళ్ళూ వాళ్ళ పద్దులో వెయ్యకండి.

పెద్దాయన 2011లో పోయారు. 2019లో, ఇక్కడి నుంచి వెళ్ళిన ఆ జట్టే వాషింగ్టన్ నేషనల్స్ పేరుతో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఇంటికి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్న. నాన్నకి బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. కథంతా మొదటి నుంచీ చెప్పాను, సమ్మె, అమ్మకం, తరలింపు, ఇప్పుడు ఈ గెలుపు. మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు.

"మరి ఆ ఊరోళ్ళకి బకాయిలేటైనా ఇచ్చారేట్రా?"

"లేదు నాన్నా."

"ఊఁ" అని, అమ్మకి ఫోనిచ్చాడు.